ఇనుమును కాపాడు రంగులు: తయారీ యంత్రములు, పరీక్షా సాధనములు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

గ్రామ పంచాయతీకిని, రంగుల కర్మాగారములోని యంత్రములకును సంబంధమేమని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. మీ గ్రామమున పంచాయతీ ఆస్తిగా నున్న ఇనుప వస్తువులను ఒకమారు లెక్కించి చూడుడు. మంచినీటి ట్యాంకు నిచ్చెన, కమ్మీలు, వాల్వులు, పైపులు, వీధి దీపముల స్తంభములు, చేతిపంపులు, పాఠశాల కిటికీ చువ్వలు, పిల్లల ఉయ్యాలలు, జారుడు బల్లలు, చెరువు తూము తలుపు, శ్మశానవాటిక షెడ్డు. ఇవి యన్నియు ప్రజల ధనముతో ఏర్పడినవి. వీనిని ఎండ, వాన, ఉప్పుగాలుల నుండి కాపాడునది ఒక పలుచని రంగు పూత మాత్రమే. ఆ పూత మందము ఒకటి రెండు తలవెండ్రుకల మందమును మించదు. అంత పలుచని పొరపై ఇంతటి ఆస్తి ఆధారపడి యున్నప్పుడు, ఆ పొర ఎట్లు తయారగునో, దాని మంచిచెడ్డలు ఎట్లు తెలియునో ఎరిగి యుండుట మన విధి.

రంగు అనగా సింగారమని సామాన్యముగా తలంతురు. ఇనుము విషయమున ఇది పొరపాటు. ఇనుమునకు గాలిలోని ప్రాణవాయువు, తేమ రెండును తగిలినప్పుడు త్రుప్పు పట్టును. ఉప్పు తోడైనచో త్రుప్పు త్వరపడును. కావుననే సముద్ర తీర గ్రామములలో చువ్వలు త్వరగా తినిపోవును. రంగు పూత ఈ శత్రువులను ఇనుము దరి చేరనీయక అడ్డగించును. త్రుప్పు పట్టిన నిచ్చెన మెట్టు విరిగినచో పోవునది ఇనుము మాత్రమే కాదు. ఎక్కిన మనిషి ప్రాణము కూడ.

రంగులో నుండు పదార్థములు

ప్రతి రంగులోను ముఖ్యముగా నాలుగు పదార్థములుండును. మొదటిది వర్ణకము, అనగా మెత్తని పొడి. ఇది రంగును, కప్పివేయు శక్తిని ఇచ్చును. రెండవది బంధకము. ఇది నూనె గాని, రెజిను గాని కావచ్చును. పొడిని పట్టి యుంచి ఇనుమునకు అంటించునది ఇదియే. మూడవది ద్రావకము, దీనినే మన పనివారు థిన్నరు అందురు. పూసిన పిదప ఇది ఆవిరియై పోవును, పూతలో మిగులదు. నాలుగవది త్వరగా ఆరుటకును, పొడి అడుగున గడ్డకట్టకుండుటకును స్వల్పముగా చేర్చు ద్రవ్యములు.

ఈ ముడిపదార్థములలో కొన్ని మన నేలలోనే లభించుచున్నవి. తెలంగాణ మెట్ట పొలములలో ఆముదపు పంట చిరకాలముగా కలదు. ఆముదము నుండి నీటి అంశమును తొలగించినచో అది ఆరిపోవు గుణము గల నూనెగా మారును. దానితో ఆల్కిడ్ రెజిన్లను తయారు చేయుదురు. మంగంపేట ముగ్గురాయిని పొడి చేసి రంగులలో కలుపుదురు. భీమునిపట్నము తీరపు ఇసుకలో ఇల్మనైటు ఖనిజము కలదు. తెల్లరంగునకు ప్రాణమైన టైటానియం డయాక్సైడును ఇల్మనైటు నుండియే తీయుదురు.

మన దేశమున పెద్ద యెత్తున రంగుల తయారీ 1902లో హౌరా వద్ద షాలిమార్ కంపెనీతో ఆరంభమైనది. హైదరాబాదులో 1944లో స్థాపింపబడిన పరిశోధనశాల 1956లో కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందికి వచ్చి, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అను పేరుతో పనిచేయుచున్నది. రెజిన్లు, పూతలు కూడ దాని పరిశోధనాంశములే.

కర్మాగారములోని యంత్రములు

రంగు తయారీ యంతయు ఒక్క మాటలో చెప్పవలెనన్న, పొడిని జిగురులో సమముగా కలియునట్లు నూరుటయే. గంధము సానపై తీసినట్లు, పప్పు రోటిలో రుబ్బినట్లు, పొడి ఉండలు పూర్తిగా విడివడి, ప్రతి రేణువు చుట్టును జిగురు తడియవలెను. ఉండలు మిగిలినచో పూత గరుకుగా నుండును. ఆ ఉండల చెంత తేమ చొచ్చుటకు దారి ఏర్పడును. కావున యంత్రము పని కంటి కింపు కొరకు మాత్రమే కాదు, ఇనుము ఆయుష్షు కొరకు.

మొదట బంధకమును పెద్ద కడాయిల వంటి పాత్రలలో వండుదురు. నూనె, ఆమ్లము, గ్లిసరిను మొదలగు వానిని 200 డిగ్రీల సెంటీగ్రేడునకు మించిన వేడిమిలో గాలి తగులకుండ కలియత్రిప్పుచుందురు. పాకము ముదిరినదో లేదో తెలిసికొనుటకు మాటిమాటికి కొంచెము తీసి పరీక్షింతురు. బెల్లపు పాకమువలెనే, తరి తప్పినచో మొత్తము గడ్డకట్టి పనికిరాకుండ పోవును.

తరువాత పొడిని జిగురుతో కలుపు యంత్రము. నిలువుగా నున్న ఇరుసు చివర రంపపు పండ్ల వంటి అంచు గల ఉక్కు పళ్లెరము ఉండును. దాని వ్యాసము తొట్టి వ్యాసములో ఇంచుమించు మూడవ వంతు. ఇది మిగుల వేగముగా తిరుగునప్పుడు తొట్టిలో సుడిగుండము ఏర్పడి, పొడి ఉండలు చీలిపోవును. కొన్ని రంగులకు ఈ యంత్రమే చాలును.

మరింత మెత్తదనము కావలసిన వానికి మరలు కలవు. బాల్ మిల్లు అనునది అడ్డముగా పండియున్న పెద్ద పీపా. దానిలో ఉక్కు గుండ్లు గాని, పింగాణి గుండ్లు గాని ఉండును. పీపా తిరుగునప్పుడు గుండ్లు ప్రక్కగా పైకెగసి, ఒకదానిపై నొకటి దొర్లిపడి, నడుమ చిక్కిన పొడిని నలుపును. వేగము చాలనిచో గుండ్లు జారును గాని నూరవు. మితిమీరినచో గుండ్లు పీపా గోడకు అంటుకొని దానితోనే తిరుగును, పని జరుగదు. ఇది నిదానపు యంత్రము. ఒక్క విడత రాత్రియంతయు తిరుగుటయు కలదు.

రెండవది మూడు రోళ్ల మర. మూడు ఉక్కు స్తూపములు ప్రక్కప్రక్కన నుండి, వేరువేరు వేగములతో, ఎదురెదురుగా తిరుగును. చిక్కని ముద్ద వాని సన్నని సందులలో నలిగి, చివరి రోలుపై నుండి కత్తి వంటి పలకతో గీయబడి బయటికి వచ్చును. మూడవది పూసల మర. దీనిలో సన్నని గాజు లేక పింగాణి పూసల నడుమ రంగును పంపు ద్వారా ప్రవహింపజేయుదురు. పూసలను లోపలి పళ్లెరములు గిరగిర త్రిప్పుచుండును. ఎడతెగక పని సాగును గనుక నేడు పెద్ద కర్మాగారములలో దీని వాడుక అధికము.

నూరిన ముద్దకు మిగిలిన జిగురు, ద్రావకము చేర్చి, రంగు ఛాయను సరిచేసి, వడపోసి డబ్బాలకు ఎత్తుదురు. ప్రతి విడతకు ఒక సంఖ్య ఇత్తురు. డబ్బాపైనున్న ఈ విడత సంఖ్యను మీ రిజిస్టరులో వ్రాసి యుంచుట మంచిది. ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు అదియే మొదటి సాక్ష్యము.

ప్రయోగశాలలోని సాధనములు

రంగుల పరీక్షా పద్ధతులు మన దేశమున ఐ.ఎస్. 101 అను ప్రమాణమున వివరింపబడినవి. ప్రమాణములను నిర్ణయించు సంస్థ 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్‌గా ఏర్పడి, 1987 నుండి భారతీయ ప్రమాణముల బ్యూరోగా నడచుచున్నది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఈ సంస్థ అనుమతితో వేయబడునదే.

మెత్తదనమును చూచు సాధనము ఒక ఉక్కు దిమ్మ. దానిపై ఒక గాడి యుండును. గాడి ఒక కొనన 100 మైక్రానుల లోతుండి, క్రమముగా తగ్గి రెండవ కొనన సున్న యగును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. లోతైన కొనన రంగు చుక్కను వేసి, ఉక్కు పలకతో సున్న వైపునకు లాగుదురు. ఎచ్చట రేణువులు పైకి తేలి కనిపించునో, అచ్చటి అంకెయే ఆ రంగు మెత్తదనము. మెరుగు ఎనామెలునకు అంకె తక్కువ ఉండవలెను. అడుగు పూతకు కొంత ముతక యైనను చెల్లును.

చిక్కదనమును చూచునది అడుగున సన్నని రంధ్రము గల గిన్నె. గిన్నెను నింపి, రంధ్రము విడిచి, ధార తెగువరకు ఎన్ని సెకనులు పట్టెనో గడియారముతో కొలుతురు. వేడికి రంగు పలుచనగును గనుక నిర్ణీతమైన ఉష్ణోగ్రతలోనే ఈ పరీక్ష చేయుదురు. తెలిసిన పరిమాణము గల మరియొక గిన్నెలో రంగును తూచి, లీటరునకు ఎంత బరువో కట్టుదురు. ప్రకటించిన బరువునకును, తూచిన బరువునకును భేదమున్నచో పాళ్లు మారినవని గ్రహింతురు.

ఇక ఆరిన పూతకు చేయు పరీక్షలు. ఇనుప రేకులపై రంగు వేసి ఆరబెట్టి, శంకువు ఆకారము గల కడ్డీపై వంతురు. పూత పగిలినచో వంపు తాళలేదని అర్థము. బరువును ఎత్తునుండి జారవిడిచి దెబ్బకు ఓర్చునో లేదో చూతురు. వేరువేరు గట్టిదనము గల పెన్సిళ్లతో గీచి, ఏ పెన్సిలునకు గీత పడునో గుర్తింతురు.

అన్నిటికంటె కఠినమైనది ఉప్పునీటి తుంపర పెట్టె. పూతపై ఇనుము కనిపించునట్లు గీత గీచి, రేకును పెట్టెలో నుంచుదురు. 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో, నూటికి 5 వంతుల ఉప్పు గల నీటి తుంపరను వందల గంటలు ఎడతెగక వదలుదురు. పిమ్మట గీత నుండి త్రుప్పు ఎంత దూరము ప్రాకెనో, పూత ఎచ్చట ఉబ్బెనో కొలుతురు. ఎండకు వెలియుటను తెలియు పెట్టె వేరు. అందు అతినీలలోహిత దీపముల కాంతియు, తేమయు ఒకదాని వెంట నొకటి రేకులపై ప్రసరించును. అయితే ఒక హెచ్చరిక. ఇన్ని గంటలు తుంపర తట్టుకొన్న రంగు ఆరుబయట ఇన్ని సంవత్సరములు మన్నునని లెక్క కట్టరాదు. ఈ పెట్టెలు రెండు రంగులలో ఏది మేలో పోల్చి చూచుటకు మాత్రమే ఉపకరించును.

పంచాయతీ చేతికి అందు సాధనములు

ప్రయోగశాల మన గ్రామమునకు రాదు. పని జరుగు చోట ఉపయోగించు చిన్న సాధనములు మాత్రము జేబులో పట్టునవి కలవు. వీనిని ఇంజనీరు చేత తెప్పించి, మీ యెదుట కొలిపింపుడు.

మొదటిది తడి పూత దువ్వెన. ఇది పండ్లు గల చిన్న రేకు. అప్పుడే వేసిన తడి పూతపై ఆనించి తీసినచో, రంగు అంటిన చివరి పన్ను అంకె తడి మందమును తెలుపును. రెండవది ఆరిన పూత మందమును కొలుచు అయస్కాంత గేజి. ఇనుమునకును గేజికిని నడుమ పూత ఎంత దళముగా నున్నచో ఆకర్షణ అంత తగ్గును. ఆ తగ్గుదలను సాధనము మైక్రానులలో చూపును. కొలుచుటకు ముందు రంగులేని ఇనుముపై సున్నకును, తెలిసిన మందము గల రేకుపై దాని అంకెకును సరిచూడవలెను. ఒక చోట గాక పదిచోట్ల కొలిచి సగటు తీయవలెను.

మూడవది గళ్లకోత పరీక్ష. పదునైన బ్లేడుతో పూతను ఇనుము వరకు నిలువుగా ఆరు గీతలు, అడ్డముగా ఆరు గీతలు కోయుదురు. ఇరువదియైదు గళ్లు ఏర్పడును. పైన అంటు టేపు వేసి లాగినప్పుడు గళ్లు చెక్కుచెదరకున్నచో సున్న అంకె, అనగా అత్యుత్తమము. పెద్దయెత్తున ఊడినచో 5 అంకె, అనగా అధమము. కోసిన చోట మరల రంగు పూయుట మరువరాదు. నాలుగవది సూదిబెజ్జములను పట్టు తడి స్పాంజి యంత్రము. కొద్దిపాటి విద్యుత్తు గల తడి స్పాంజిని పూతపై నడిపినప్పుడు, బెజ్జమున్న చోట గంట మ్రోగును. ట్యాంకు లోపలి పూతకు ఇది మిక్కిలి అవసరము.

లెక్క తెలిసినచో మోసము లేదు

సభ్యులు జ్ఞాపక ముంచుకొనవలసిన సులభమైన లెక్క ఒకటి కలదు. డబ్బాతో పాటు కంపెనీ ఇచ్చు వివరపత్రములో ఘనపదార్థ పరిమాణము నూటికి ఎంత అని యుండును. ఆరిన తరువాత మిగులునది అదియే. ఆ సంఖ్యను 10తో హెచ్చవేసి, కావలసిన మందమును తెలుపు మైక్రానులతో భాగించినచో, ఒక లీటరు ఎన్ని చదరపు మీటర్లకు వచ్చునో తెలియును.

ఉదాహరణకు, ఘనపదార్థము నూటికి 50 అనుకొందము. ఒక్కొక్క పూత ఆరిన పిమ్మట 40 మైక్రానులుండవలెను. 50ని 10తో హెచ్చవేసి 40తో భాగింపగా 12½ చదరపు మీటర్లు వచ్చును. 100 చదరపు మీటర్ల ఇనుమునకు పూతకు 8 లీటర్లు, రెండు పూతలకు 16 లీటర్లు. కుంచెకు, డబ్బాకు అంటి పోవునది, గరుకు మిట్టపల్లములు త్రాగునది కలిపి ఐదవ వంతు చేర్చినను, సుమారు 20 లీటర్లు కావలెను. కాంట్రాక్టరు 10 లీటర్లు మాత్రమే తెచ్చి రెండు పూతలు పూర్తియైనవని చెప్పినచో, అది జరుగని పని. వాదముతో నిమిత్తము లేదు; ఖాళీ డబ్బాలను లెక్కించిన చాలును.

థిన్నరు మోసము మరియొకటి. పై రంగునకు సమానమైన థిన్నరు కలిపినచో ఘనపదార్థము 50 నుండి 25కు దిగును. తడిగా 80 మైక్రానులు వేసినను ఆరిన పిదప 20 మాత్రమే మిగులును. తడి దువ్వెనకు ఇది చిక్కదు. ఆరిన పూతను కొలుచు గేజికి తప్పక చిక్కును. కావున ఒక్కొక్క పూత ఆరిన పిమ్మట కొలిచి, ఆ అంకెలను కొలతల పుస్తకమున ఎక్కింపవలెను. మొదటి పూతకును రెండవ పూతకును ఛాయ వేరుగా నుండవలెనని షరతు పెట్టినచో, ఎన్ని పూతలు పడినవో కంటికే తెలియును.

పూతకు ముందు పని

రంగు ఎంత మంచిదైనను, త్రుప్పుపై పూసినచో నిలువదు. నూనె మరకలను తుడిచి, త్రుప్పును బ్రష్షుతో గాని, యంత్రముతో గాని తొలగించి, ఆ దినముననే అడుగు పూత వేయవలెను. అంచులకు, బోల్టులకు, వెల్డింగు అతుకులకు ముందుగా కుంచెతో ఒక పూత అదనముగా ఇయ్యవలెను. త్రుప్పు మొదట అచ్చటనే పుట్టును. శీతకాలపు ఉదయమున ఇనుముపై మంచు తడి కంటికి కనిపించకున్నను ఉండవచ్చును. ఇనుము వేడిమి మంచు పట్టు వేడిమి కంటె కనీసము 3 డిగ్రీలు అధికముగా నున్నప్పుడే రంగు వేయుట నియమము. జింకు పూత గల క్రొత్త పైపులకు సామాన్యమైన ఎనామెలును నేరుగా వేసినచో కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడును. వానికి తగిన అడుగు పూత వేరు. రెండు డబ్బాల ఎపాక్సీ రంగులను కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలిపి, చెప్పిన గడువులోపల వాడవలెను. పాలు తప్పినచో పూత గట్టిపడదు.

పిల్లలు, పనివారు

ధనము కంటె ముఖ్యమైన రెండు సంగతులు చెప్పి ముగింతును.

మొదటిది సీసము. పూర్వము ఇనుమునకు అడుగు పూతగా సిందూరమును, పసుపు రంగునకు సీసపు క్రోమేటును విరివిగా వాడిరి. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. నిరపాయమైన మోతాదు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 2016లో ప్రకటించిన నియమముల ప్రకారము, 2017 నవంబరు 1 నుండి గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములను మించరాదు. ఈ నియమము పారిశ్రామిక రంగులకు చెప్పబడలేదు. యంత్రములకు ఉద్దేశించిన పసుపు, నారింజ రంగులు చవుకగా వచ్చినవని పిల్లల ఉయ్యాలకు, బడి కిటికీకి, చేతిపంపునకు పూసినచో, ఆ పెచ్చులు పిల్లల చేతుల నుండి నోటికి చేరును. కావున టెండరులోనే 90 పరిమితిని వ్రాసి, ధ్రువపత్రము కోరుడు. ఎక్స్-కిరణముల సాధనముతో సీసమును నిముషములలో గుర్తింపవచ్చును. పాత పూతను పొడిగా గీకుట, కాల్చుట వలదు. తడిపి తీసి, పెచ్చులను గోనెలో కట్టి తొలగింపవలెను. మంచినీటి ట్యాంకు లోపల త్రాగునీటికి తగినదని ధ్రువపరుపబడిన పూతను తప్ప వేరొకదానిని వేయనీయకుడు. అది పూర్తిగా గట్టిపడిన పిమ్మట కడిగి, ఆపైననే నీరు నింపవలెను.

రెండవది పనివాని ప్రాణము. ద్రావకముల ఆవిరి గాలి కంటె బరువైనది. మూసిన ట్యాంకులో అడుగున చేరి నిలుచును. దానిని పీల్చినవాడు మత్తుగొని పడిపోవును. చిన్న నిప్పురవ్వకు అది ప్రేలును. ట్యాంకు లోపల రంగు వేయునప్పుడు యంత్రముతో గాలిని అడుగువరకు ఎడతెగక పంపవలెను. చుట్ట, బీడీ, మామూలు దీపము నిషేధము. లోపలివాని నడుమునకు త్రాడు కట్టి, వెలుపల ఒకడు సదా కాపలా యుండవలెను. లోపల పడిన వానిని తీయుటకు తగిన సాధనము లేక రెండవవాడు దిగరాదు. అట్లు దిగి ఇరువురును ప్రాణములు కోల్పోవుదురు.

సోదరులారా, రంగు పని ఎస్టిమేటు మీ సభ ముందుకు వచ్చినప్పుడు ఐదు ప్రశ్నలు అడుగుడు. ఏ ప్రమాణము రంగు? ఎన్ని లీటర్లు? ఆరిన పిదప ఎంత మందము? సీసము పరిమితి లోపలనా? పనివారి రక్షణకు ఏర్పాటేమి? ఈ ఐదింటికి సమాధానములు తీర్మానములో వ్రాయించి, పని ముగిసిన నాడు కొలతలు మీ కన్నుల యెదుట తీయించి, పిదపనే బిల్లుపై సంతకము చేయుడు. ఆ కొలతలను పంచాయతీ నోటీసు బోర్డుపై అందరకు తెలియునట్లు పెట్టించుడు. సొమ్ము ప్రజలది గనుక లెక్కయు ప్రజలకు తెలియవలెను.